ఇరవై మూడో పెట్టె

బుధవారం మధ్యాహ్నం రెండింటికి ఇరవై మూడో నంబరు పెట్టె ఒక మిల్లీమీటరు కదిలింది. ఆ సంగతి ఈ లోకంలో ఝాన్సీ ఒక్కదానికే తెలుసు. తెలియకుండా ఉంటేనే హాయిగా ఉండేదేమో అని ఒక్క క్షణం అనిపించి, అలా అనిపించినందుకు తనని తనే తిట్టుకుంది.

బయట వాన. మూడు రోజులుగా తెరిపి లేదు. బెజవాడలో చుక్కలకొండ మెట్లు మొదలయ్యే చోట ఆమె సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు. కౌంటరు నిండా విప్పి పడేసిన ఫోన్లు, ఎదురుగా గోడకి ఒక పాత టీవీ. ఆ టీవీలో సినిమాలు రావు. అరవై రెండు అంకెలుంటాయి. కొండ మీద ఇంటింటికీ తగిలించిన అరవై రెండు పెట్టెలవి. అరవై ఒకటి సున్నా దగ్గర బుద్ధిగా కూర్చున్నాయి. ఇరవై మూడు మాత్రం ఒకటి చూపిస్తోంది.

ఇరవై మూడు ఎవరిదో అయినా కొంత నయం. అది కొండ మీద ఇళ్ళ వరసల్లో అన్నిటికన్నా పైనున్న ఏడోదాన్లో, ఆమె సొంత ఇంటిది. స్టూలు లాక్కుని తెర ముందు కూర్చుంది. చేతిలో ఉన్న ఫోను స్క్రూలు కింద పడి దొర్లిపోయినా వంగి ఏరుకోలేదు.

ఈ పెట్టెల సంగతి చెప్పాలంటే నాలుగేళ్ళు వెనక్కి పోవాలి. నాలుగో వరస దాటి పైకి నెట్టు తీగ లాగడం తమ వల్ల కాదని కేబులువాళ్ళు తెగేసి చెప్పారు. పైనున్నవాళ్ళేం మనుషులు కారా అని ఝాన్సీకి ఒళ్ళు మండింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్సు చదివిన పిల్ల, పాత ఫోన్ల బోర్డులేమో కొట్టు నిండా ఉన్నాయి. కూర్చుని టిఫిను డబ్బా అంత పెట్టె ఒకటి చేసింది. కొట్టులో ఉన్న ఒక్క కనెక్షన్ని అది అందుకుని పై ఇంటి పెట్టెకి విసురుతుంది, అది ఆ పై ఇంటికి. అలా ఏడో వరస దాకా. కొండ మీద బట్టల దండేలు కట్టేదీ ఇలాగే, ఒక కొస మన గోడకి, రెండో కొస పక్కింటి గోడకి. అందుకని జనం దీనికి దండెం నెట్టని పేరు పెట్టేశారు. ఎవరి దగ్గరా పైసా తీసుకున్నది లేదు. ఆమె మొగుడు యోహాను తాపీమేస్త్రి, పనిలేని రోజుల్లో ఇంటింటికీ తిరిగి మేకులు దిగ్గొట్టాడు. ఆటో నడిపే బాజీ ఎక్కడెక్కడి పాత బ్యాటరీలో మోసుకొచ్చాడు. ఆడవాళ్ళు చిరిగిన గొడుగుగుడ్డలు కత్తిరించి, పెట్టెలు తడవకుండా టోపీలు కుట్టారు.

నెట్టు వరకూ అంతా బాగానే ఉంది. ఆ పెట్టె కడుపులో ఇంకో విద్య ఉందని మొదట్లో ఝాన్సీకీ తెలీదు. కొండరాళ్ళకి తగిలి సిగ్నలు చెదిరిపోకుండా, ప్రతి పెట్టే తన చుట్టుపక్కల పెట్టెల్ని క్షణానికి వేలసార్లు పిలిచి, జవాబు విని, ఎంత దూరంలో ఉన్నాయో కొలుచుకుంటూ ఉండాలి. అలా చేసింది తనే. రెండో ఏడు వానల్లో ఆ దూరాలు వెంట్రుకవాసి తేడాలు చూపించసాగాయి. బోర్డు పాడైందనుకుని రెండుసార్లు మార్చింది. చివరికి విసుగెత్తి, మూడో వరసలో చలమయ్య ఇంట్లో గోడకీ పెట్టెకీ మధ్య ఒక శుభలేఖ దూర్చి చూసింది. అంకె సరిగ్గా ఆ శుభలేఖ మందమే మారింది. లేఖ తీసేసింది. అంకె వెనక్కి వెళ్ళింది గానీ మొదట ఉన్న చోటుకి మాత్రం రాలేదు. మిగిలిన ఆ కాస్త తేడా కొండది. కొండ కదుల్తోంది. ఆ రోజు చలమయ్య కోడలు ఇచ్చిన టీ గ్లాసు ఆమె చేతిలోనే చల్లారిపోయింది.

కిందటి ఏడు జూలైలో చలమయ్యగారి పెట్టె ఉన్నట్టుండి నాలుగంగుళాలు జరిగింది.  ఝాన్సీ దండెం నెట్టు మీదుగా కొండ మీద ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగించి, దిగిపొండి దిగిపొండి అని అరిచింది. జనం పిల్లల్ని చంకనేసుకుని ఆ వానలో దిగారు. తీరా చూస్తే చలమయ్య కోడలు గోడకి సున్నం వేయిస్తూ పెట్టెని పక్క మేకుకి మార్చింది. అంతే జరిగింది. కానీ ఆ దిగడంలో ఝాన్సీ అత్త రూతమ్మ మెట్టు జారి తుంటి విరగ్గొట్టుకుంది. డెబ్బై ఏళ్ళొచ్చినా రెండేసి బిందెలతో మెట్లెక్కిన మనిషి, ఆపరేషన్ తర్వాత వాకరు పట్టుకుని గుమ్మం దాకా వస్తే గొప్ప. ఆమె కోడల్ని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే ఝాన్సీకి కాస్త తేలిగ్గా ఉండేది.

అప్పుడు ఝాన్సీ రెండు పనులు చేసింది. పెట్టె ముట్టుకోబోమని ఇంటింటి చేతా ఒట్టు వేయించింది. పెట్టెల్లో ప్రోగ్రామూ మార్చింది. ఎవరైనా ఆపి, తీసి, వేరేచోట పెట్టి మళ్ళీ ఆన్ చేస్తే, కొత్తచోటునే సున్నా అనుకుని అక్కణ్ణించి కొలుచుకుంటుంది. ఇక ఉత్తి పుణ్యానికి జనాన్ని పరిగెత్తించే పని ఉండదు. తెలివైన పని చేశాననుకుని ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది కూడా.

రెండుంబావుకి అంకె రెండయింది. ఆమె యోహానుకి ఫోను చేసింది. వానకి పనులాగిపోయి ఇంట్లోనే ఉన్నాడు.

"ఏవయ్యా, మన పెట్టె మేకుకే ఉందా?"

"ఉంది."

"లేచి చూసి చెప్పు."

"చూసే చెప్తున్నా. నెత్తిన గొడుగుటోపీ కూడా ఉంది. ఏం, మళ్ళీనా?"

ఆ 'మళ్ళీ' ఆమెకి చురుక్కుమంది. "పావుగంటలో రెండు మిల్లీమీటర్లు. అత్తని కుర్చీలో కూర్చోబెట్టి హాలుకి తీసుకెళ్ళండి. వరసలో పద్నాలుగిళ్ళూ ఖాళీ చెయ్యాలి."

"వస్తారంటావా?"

"నువ్వు తలుపులు కొట్టు. నేను ఫోన్లు మోగిస్తా."

హాలంటే అయిదో వరస చివర మట్టి పోసి చదును చేసి కట్టిన కమ్యూనిటీ హాలు. పొద్దున పూట రత్నకుమారి అక్కడే అంగన్‌వాడీ నడుపుతుంది. కొండ మీద పిల్లర్లేసి శ్లాబు పోసింది అదొక్కటే, మిగతావన్నీ రాళ్ళు పేర్చి మట్టి మెత్తిన గోడలు. ఏ తుఫానొచ్చినా జనం అక్కడికే చేరతారు.

వచ్చారు. సణుక్కుంటూ, తిట్టుకుంటూ, దుప్పట్లూ గిన్నెలూ మోసుకుంటూ మూడింటికల్లా యాభై ఎనిమిది మంది హాల్లో చేరారు. రూతమ్మని ప్లాస్టిక్ కుర్చీలో నలుగురు మోసుకొచ్చారు. యోహాను ఫోనులో ఒక్కొక్క ఇంటి పేరూ చెప్తుంటే ఝాన్సీ ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంది. అంకె నాలుగు దాటింది. దాటనీ, ఇల్లు పోతే పోయింది, మనుషులు క్షేమం అనుకుని ఒక గ్లాసు మంచినీళ్ళు తాగింది. పొద్దుట్నుంచి ఆమె గొంతు తడిసింది అదే మొదటిసారి.

ఆ నీళ్ళు దిగాయో లేదో యోహాను మళ్ళీ ఫోను చేశాడు.

"ఇంటికొచ్చా. అమ్మ బీపీ మాత్రలు మర్చిపోయింది."

"నీకేమన్నా బుద్ధుందా? అది కదుల్తోందని చెప్తుంటే దాంట్లోకే వెళ్తావా? బయటికి రా ముందు."

"ఆగు, నా మాట విను. ఇక్కడేం కదల్లేదే. గోడకి గీత కూడా లేదు. గోడ జరిగితే ముందు తలుపు బిగుస్తుంది. ఇరవయ్యేళ్ళ నుంచి గోడలు కడుతున్నా, ఆ మాత్రం తెలీదా నాకు? తలుపు ఎప్పట్లాగే పడుతోంది."

తెర మీద ఆరు. ఆరు మిల్లీమీటర్లు జరిగిన గోడకి తలుపు అలా పడకూడదు. 

"పెట్టెని చేత్తో కొంచెం జరుపు."

"జరిపా."

ఆరు ఆరులాగే ఉంది.

"మేకు నుంచి తీసెయ్. తీసి నాలుగడుగులు నడువు."

"నడిచా. ఏమైంది?"

ఇరవై మూడు కదల్లేదు. తెర మీద దానికి పైనున్న ఇంకో పెట్టె అంకె ఎగిరి ఏకంగా మీటరు చూపించింది. అది తొమ్మిదో నంబరు పెట్టె. ఏ నంబరు ఎవరిదో ఆమెకి నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. తొమ్మిది కమ్యూనిటీ హాలుది.

"యోహానూ," అంది. మొగుణ్ణి ఆమె పేరు పెట్టి పిలవదు. "హాలుకి పరిగెత్తు."

కాల్ కట్ చేసి రూతమ్మకి చేసింది. రెండో రింగుకే ఎత్తింది.

"అత్తా, మన ఇంటి పెట్టె హాల్లో ఉందా?"

అవతల పిల్లల గోల వినపడుతోంది. 

"నా నెత్తి మీదే ఉందమ్మా, గోడకి. రత్నకుమారి మనింటికొచ్చి ఏడ్చింది. పిల్లల ఫొటోలు టయానికి యాప్‌లో ఎక్కకపోతే ఉద్యోగం పీకేస్తామన్నారంట. ఇక్కడి పెట్టె సరిగ్గా లాగట్లేదంట. మనదైతే బాగా లాగుద్ది కదాని మొన్న శుక్రవారం ఆపి మార్చుకున్నాం. చేబదులిచ్చా. పెట్టె బదులు పెట్టె పెట్టించా, ఖాళీగా ఏం ఉంచలేదు. దానికేమన్నా అయిందా?"

మనదైతే బాగా లాగుతుంది. ఎందుకు లాగదు, ఉన్న బోర్డుల్లో అన్నిటికన్నా మంచిది ఏరి ఝాన్సీ తన ఇంటికే పెట్టుకుంది మరి. ఈ కొండ మీద చేబదులు ఇవ్వని వస్తువంటూ లేదు. గ్యాసుబండ, కుక్కరు, పట్టుచీర, ఆఖరికి పెళ్ళిచూపులకి మెళ్ళో గొలుసు. పెట్టెని మాత్రం ఇచ్చుకోరని తను ఎలా అనుకుంది? జరిపితే పట్టుకునే అంకెని, జరిపినా పట్టుకోకుండా చేసింది కూడా తనే. యాభై ఎనిమిది మందిని ఫోన్లు మోగించి మరీ కదిలే గోడ కిందికి తోలింది.

ఇరవై మూడో పెట్టె అంకె ఏడైంది, ఆమె చూస్తుండగానే తొమ్మిది మిల్లీమీటర్లు.

మళ్ళీ ఫోన్లన్నీ మోగించింది. "నేను ఝాన్సీని. కదిలేది ఏడో వరస కాదు, హాలు. పొరపాటైంది. అందరూ ఉన్నపళంగా బయటికొచ్చి కిందికి దిగండి. సామాన్లు వదిలెయ్యండి."

బాజీ వెంటనే హాల్లోంచి ఫోను చేశాడు. "అక్కా, గంట కింద ఇదే నోటితో ఇక్కడికి పొమ్మన్నావు. ఇప్పుడిక్కణ్ణించి పొమ్మంటున్నావు. మెట్ల మీద నీళ్ళు కాలవలా పారుతున్నాయి. మా అమ్మాయికి ఒంట్లో జొరం. ఈసారి ఎవరి తుంటి విరగ్గొడదామని?"

ఝాన్సీ తెర వైపు చూసింది, పదకొండు.  ఫోనులో వెనకనుంచి రూతమ్మ గొంతు వినపడింది.

"ఏం బాజీ, నా తుంటి గురించేనా? ఆ ఫోను గట్టిగా వినపడేట్టు పెట్టి ఇటియ్యి. అందరూ వినండి. తప్పు నా కోడలిది కాదు. ఒట్టేసి కూడా పెట్టె మార్చింది నేను. తను మా ఇంటి గోడ అనుకుంది, కదుల్తోంది ఈ గోడ. నేను ఆనుకుని కూర్చున్న గోడ. విరిగింది నా ఎముక. దాని లెక్క నేను చూసుకుంటా, మీకెందుకు? లేవండి."

 చాపలు ఈడ్చిన చప్పుడు, పిల్లల ఏడుపు, గిన్నెలు దొర్లిన చప్పుడు.

"ముందు నిన్నెత్తుతాం పిన్నీ," అన్నాడు బాజీ.

"ఒద్దు. కుర్చీ పడితే మెట్లు మొత్తం అడ్డమే. మీరందరూ దిగాక చూద్దాం. నా కొడుకొస్తన్నాడు."

"అత్తా, నువ్వు ముందు రా," అని ఝాన్సీ అరిచింది. అప్పటికే ఫోను ఎవరి జేబులోకో పోయింది.

ఆమె కొట్టు గుమ్మంలో నిలబడింది. ఒక కన్ను తెర మీద, ఒక కన్ను మెట్ల మీద. పరిగెత్తి పైకి పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఇద్దరు పట్టే మెట్లు, ఎదురెళ్తే దిగేవాళ్ళకి అడ్డం. పైగా అంకె చూసేవాళ్ళుండరు. చూసి మాత్రం ఇప్పుడు చేసేదేముందని అనిపించింది, అయినా చూపు తిప్పుకోలేకపోయింది. పద్నాలుగు. పంతొమ్మిది. ముప్ఫై.

మొదట ఆడవాళ్ళు, పిల్లలు దిగారు. ఆమె ఒక్కొక్క తలా లెక్కపెట్టింది. పన్నెండు, పదమూడు. రత్నకుమారి ఎవరి పిల్లనో భుజాన వేసుకుని, ఝాన్సీ మొహం చూడలేక తల దించుకుని పోయింది. ముప్ఫై ఆరు. నలభై. కాళ్ళు జారకుండా ఒకరి చెయ్యొకరు పట్టుకున్నారు. తెర మీద అంకె ఎనభై దాటింది. ఆఖర్న బాజీ కూతుర్ని ఎత్తుకుని దిగాడు. అతనితో యాభై ఏడు.

"యోహానన్న హాల్లోకి పోవడం చూశానక్కా. ఆ తర్వాత చూళ్ళేదు," అన్నాడు. అతని గొంతులో ఇందాకటి కోపం లేదు.

అప్పుడు అంకె ఎగిరింది. నూట పది మిల్లీమీటర్లున్నది ఒక్కసారిగా మీటరైంది. వెంటనే రెండు మీటర్లు. ఝాన్సీ గుమ్మం పట్టుకుంది. గోడ పోయింది, అందరూ బయటపడ్డా అత్తా యోహానూ దాని కింద ఉన్నారు, పంపింది నేను అనుకుంది. గడప మీదే కూలబడింది.

మోత ఆ తర్వాత వచ్చింది. పెద్ద లారీ కంకర కుమ్మరించినట్టు పైనుంచి ఒక్క ఉరుము, దాని వెనక రాళ్ళు దొర్లే చప్పుడు. మెట్ల మీదుగా ఎర్రటి బురదనీళ్ళు దిగొచ్చాయి. జనం చెల్లాచెదురుగా రోడ్డు మీదికి పరిగెత్తారు. గోలకి మూడో వరస నుంచి దిగొచ్చిన చలమయ్యా భార్యా అక్కడే ఉన్నారు, ఆమె ప్రార్థన మొదలెట్టింది.

ఝాన్సీ కళ్ళు తెర మీదే ఉన్నాయి. ఇరవై మూడు చచ్చిపోలేదు. అయిదు మీటర్లు. ఆగింది. అయిదున్నర. ఆగింది. ఆరు. మళ్ళీ ఆగింది. ఆ మోత కన్నా ముందే కదలడం మొదలెట్టిన అంకె, మోత అయిపోయాక కూడా కదుల్తోంది. కూలే గోడ అలా ఆగి ఆగి పోదు. అలా దిగేది మెట్టు చూసుకుని అడుగేసే మనిషి.

"ఎవరో దిగుతున్నారు," అంది. "పెట్టె పట్టుకుని దిగుతున్నారు."

"ఎవరక్కా? ఇద్దరూనా?"

అది పెట్టె చెప్పదు. దానికి దూరమే తెలుసు, మనుషులు తెలీదు. పన్నెండు మీటర్లు. పదిహేను దగ్గర చాలాసేపు ఆగింది. ఆ ఆగిన సేపట్లో ఝాన్సీ ఎన్ని మొక్కులు మొక్కుకుందో ఆమెకే తెలీదు. ఏ దేవుణ్ణీ వదల్లేదు. పదహారు. పంతొమ్మిది. బాజీ కూతుర్ని ఎవరికో ఇచ్చేసి మెట్ల మీదికి పరిగెత్తాడు.

మలుపు దగ్గర మొదట కనపడింది యోహాను మోకాళ్ళు, మోకాళ్ళ దాకా బురద. తర్వాత అతని వీపు మీద రూతమ్మ. ఒక చెయ్యి కొడుకు మెడ చుట్టూ, రెండో చేత్తో పొట్టకి అదుముకున్న పెట్టె, దాని నెత్తిన గొడుగుటోపీ.

ఝాన్సీ లేచి ఎదురెళ్ళి ఇద్దర్నీ కలిపి పట్టుకుని భోరుమని ఏడ్చింది. ఇంతమందిలో అలా ఏడవడం ఆమెకి అదే మొదలు.

"ఊరుకో," అంది రూతమ్మ, కౌంటరు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాక. నొప్పితో పళ్ళు బిగబట్టి ఉంది. "వదిలేసొస్తే నువ్వు తిడతావని తెచ్చా. వాడు వదిలెయ్యమని ఒకటే పోరు."

నవ్వబోయి ఝాన్సీ తెర వైపు చూసింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ముప్ఫయ్యో పెట్టె ఒకటి చూపిస్తోంది.

ఆ నంబరు దర్జీ సుబ్బులిది, ఇల్లు ఆరో వరసలో. ఫోను చేతిలోకి తీసుకుని ఆమె ఆగిపోయింది. సుబ్బులిదేనా?

"అత్తా, ముప్ఫయ్యో పెట్టె ఎక్కడుంది?"

రూతమ్మ కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది. "సుబ్బులు కూతురి పురుడప్పుడు వాళ్ళ వియ్యపురాలు తీసుకుంది. ఆమె దగ్గర్నుంచి పోస్టుమాను పెళ్ళాం పట్టుకెళ్ళింది. ఆ తర్వాత..." ఆగింది. "ఆ తర్వాత ఎవరికిచ్చారో నాకు తెలీదమ్మా."

చుట్టూ తడిసి నిలబడ్డ జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక్కొక్కళ్ళే నోరు విప్పారు. మాది మా అక్క దగ్గరుంది. మాది ఎవరిదో, మాది కాదు. చలమయ్య, సున్నం పనంతా అయ్యాక తన పెట్టె పక్కింటిదానితో మారిపోయిందన్నాడు. ముప్ఫై మాత్రం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. పైన ఇంకా రెండువందల మంది దాకా ఉన్నారు. రెండు, అంది తెర.

ఝాన్సీ కళ్ళు తుడుచుకుని కొండ మీద ఫోన్లన్నీ మూడోసారి మోగించింది. ఆమె గొంతు ఈసారి అరవలేదు.

"నేను ఝాన్సీని. కొండ ఇంకోచోట కదుల్తోంది. ఎవరింటి కిందో నాకు తెలీదు. కనుక్కునే టైము లేదు. మీ ఇల్లే అనుకుని దిగండి. ప్రతి ఒక్కరూ మీ ఇల్లే అనుకోండి."

ఫోను పెట్టేసి ఆమె గుమ్మంలోకొచ్చి పైకి చూసింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. యోహాను ఆమె పక్కనొచ్చి నిలబడ్డాడు. కొంతసేపటికి నాలుగో వరసలో ఎవరిదో తలుపు తెరుచుకుంది. తర్వాత దాని పక్కది. తర్వాత పైన, ఇంకా పైన, వరసలు వరసలుగా తలుపులు తెరుచుకున్నాయి. ఎవరూ ఎందుకని అడగలేదు.